ప్రొఫెసర్ కాట్రిడ్జ్ వాన లేదన్నాడు

నారాయణఖేడ్‌లో నా పరువు ఒక్క మధ్యాహ్నంలో, మండలమంతా కూర్చుని చూస్తుండగా, మైకు సాక్షిగా పోయింది. కొందరి పరువు మెల్లమెల్లగా, ఏళ్ల తరబడి పోతుంది. నాకు అంత ఓపిక లేదు. చాయ్ మరిగేంత సేపట్లో మొత్తం పోగొట్టుకున్నాను. ఎలా పోయిందో దాచకుండా చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. మా ఊరంతా నవ్వింది, మీకు మాత్రం తక్కువ చేయడం ఎందుకు?

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఉమ్మడి రాష్ట్రం రోజులు. సెల్‌ఫోన్ కొన్నవాడు, అవతల ఎవరూ లేకపోయినా సరే, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని బజారంతా తిరిగే కాలం. బస్ డిపో ఎదురుగా నాకొక చిన్న దుకాణం ఉండేది. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, ఒక జిరాక్స్ మిషన్, వాటి మధ్య ఇరుక్కుని నేను. బయట బోర్డు మీద "ఇచ్చట అర్జీలు, ఉపన్యాసములు, సన్మాన పత్రములు రాయబడును. ప్రొప్రైటర్: సంగమేశ్వర్" అని రాయించాను. ఊళ్లో నన్ను సంగన్న అంటారు. నేను మాత్రం నన్ను నేను మేధావి అనుకునేవాణ్ణి. ఆదివారం పేపరు మొదటి పేజీ నుంచి రాశిఫలాల దాకా చదివేవాణ్ణి కాబట్టి ఆ అనుమానం నాకు కలగడం సహజమే.

ఆ ఏడాది మా ఊళ్లో ఎవరి నోట విన్నా వాతావరణం మాటే. వరుసగా రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. అంతకుముందు ఏడు మాఘమాసంలో, ఎవరూ అనుకోని వేళ, రాళ్లవాన పడి చేతికొచ్చిన జొన్నను నేలపాలు చేసింది. టీవీలో భూతాపం, భూతాపం అని చెప్పీ చెప్పీ మా వాళ్లకు ఆ మాట బాగా అలవాటైపోయింది. డిపో పక్క హోటల్లో దోశ మాడినా భూతాపమే. కరెంటు పోయినా భూతాపమే. అల్లుడు అలిగి వెళ్లిపోతే కూడా ఎవరో "ఏం చేస్తం, భూతాపం" అన్నారని విన్నాను.

ఇంతలో ఒక కబురు వచ్చింది. కరువునూ రాళ్లవానలనూ తట్టుకోవడానికి మండలానికి సర్కారు నిధి ఏదో వచ్చిందట. దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో జనమే తేల్చాలట. సోమవారం మధ్యాహ్నం మండలాఫీసు ముందు బహిరంగ చర్చ. మాట్లాడదలచినవాళ్లు మాట్లాడాలి, తర్వాత చేతులెత్తాలి. ఎటు ఎక్కువ చేతులు లేస్తే నిధి అటు.

వెంటనే ఊరు రెండు పక్షాలైంది. ఒక పక్షం కుంటల్లో పూడిక తీయాలంది. రెండో పక్షం ఎండా వానా గాలీ ముందుగానే పసిగట్టే వాతావరణ యంత్రం పెట్టించాలంది. ఆ యంత్రాన్ని ఎవరూ చూడలేదు. చూడలేదు కాబట్టే దాని గురించి ఎవరికి తోచినంత గట్టిగా వాళ్లు వాదించుకునే వీలు కలిగింది.

శుక్రవారం పొద్దున నా దుకాణానికి మహబూబ్ భాయ్ వచ్చాడు. నీళ్ల మోటార్లు బాగుచేసే మనిషి. ఆయన చెయ్యి పడితే తుక్కులో వేసిన మోటారు కూడా లేచి తిరుగుతుందని పేరు.

"తమ్మీ, సోమవారం మీటింగ్ల నేను మాట్లాడాలె. మోటార్ బాగ చెయ్యమంటె కండ్లు మూసుకొని చేస్త. మైకు ముంగట నిలబడితె నోరు ఎండుతది. జర మంచిగ రాసియ్యి."

"ఏం మాట్లాడుతవ్ భాయ్?"

"ఇంకేముంది, కుంటలు తవ్వాలె. బావులల్ల నీళ్లు లేక మోటార్లు గాలి గుంజుతున్నయ్. మొన్న ఒకాయన మోటార్ ఖరాబైందని ఎడ్లబండి మీద ఏసుకొని వచ్చిండు. ఇప్పి చూస్తె మోటార్ మంచిగనే ఉంది. బావిల నీళ్లే లేవు. గాయనకు నేనేం చెప్పాలె? బావి రిపేర్ నాకు రాదు గద."

ఈ మాట ఉన్నదున్నట్టు రాసి ఇస్తే సరిపోయేది. కానీ మేధావికి ఉన్నదున్నట్టు రాయడం నామోషీ. "సరే భాయ్, రేపు వచ్చి తీసుకుపో" అని పంపేసి, "విశ్వమానవ నాగరికతా వికాస క్రమంలో జలము యొక్క ప్రాధాన్యత" అని మొదలుపెట్టాను.

అదే రోజు మధ్యాహ్నం శరణప్ప కాక వచ్చాడు. నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఆయన పొలం. అరవై దాటిన మనిషి. ఆయన మాటల్లో మూడు తెలుగైతే ఒకటి కన్నడం. బెంచీ మీద కూర్చుని తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"తమ్మీ, మిషిన్ రావాలె అని నేను మాట్లాడుత. రాసియ్యి."

"ఎందుకు కాక, మిషిన్ వానను ఆపుతదా?"

"ఆపుడు బేడప్పా, వద్దు. ఒక్క దినం ముంగట చెప్తె సాకు, గంతే సాలు. పోయిన యేడు జొన్న కోతకొచ్చింది. రేపు కోద్దామని కూలోళ్లకు చెప్పి ఇంటికొచ్చిన. మాపటికి పడ్డయి రాళ్లు. పొద్దుగాల పోయి చూస్తె చేన్ల కట్టెలే నిలబడ్డయి. మా ఇంటామె కూసోని బురదల నుంచి గింజ గింజ ఏరబట్టింది. వద్దంటె వినలే. మూడు దినాలు ఏరింది."

నేను "అయ్యో" అన్నాను. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, మహబూబ్ భాయ్ కోసం రాసిన "విశ్వమానవ నాగరికతా వికాస క్రమంలో" అనే పేరానే మళ్లీ అతికించి, జలము అన్నచోట వాయువు అని మార్చాను. పక్షాలు రెండైతేనేం, నాగరికత ఒక్కటే కదా.

ఒక పక్షానికి రాసినవాణ్ణి రెండో పక్షానికి రాయొచ్చా అని మీరు అడగొచ్చు. అప్పుడు నన్నెవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. ఇద్దరూ ఊరంతటిలో నన్నే వెతుక్కుంటూ వచ్చారే అన్న సంతోషంలో నా ఛాతీ మా జిరాక్స్ మిషన్ అంత వెడల్పయింది.

రెండు ఉపన్యాసాలూ చదువుకుంటే ఏదో వెలితిగా అనిపించింది. బరువు చాలలేదు. పేపర్లో వాతావరణం గురించి ఏం రాసినా మధ్యలో ఒక విదేశీ శాస్త్రవేత్త పేరుంటుంది. నాకూ ఒక శాస్త్రవేత్త కావాలి. ఎవరూ గుర్తురాలేదు. గోడ మీది క్యాలెండర్ చూశాను, అందులో అందరూ దేవుళ్లే. ప్రింటర్ పక్కన సిరా డబ్బా కొత్తది ఉంది. అట్టపెట్టె మీద ఇంగ్లీషులో "టోనర్ కాట్రిడ్జ్" అని ఉంది. ఒక్క క్షణం దాని వైపు చూశాను. తర్వాత ఇలా టైప్ చేశాను:

"ప్రపంచ ప్రఖ్యాత వాతావరణ శాస్త్రవేత్త, స్విట్జర్లాండ్ వాస్తవ్యులు ప్రొఫెసర్ టి. కాట్రిడ్జ్ నొక్కి వక్కాణించినట్లుగా..."

మహబూబ్ భాయ్ కాగితంలో ప్రొఫెసర్ యంత్రాలు దండగనీ, కుంటలే శరణ్యమనీ వక్కాణించాడు. శరణప్ప కాగితంలో కుంటలు దండగనీ, యంత్రమే శరణ్యమనీ వక్కాణించాడు. ఆయన వక్కాణింపులో ఎక్కడా తడబాటు లేదు.

సోమవారం వచ్చింది. మండలాఫీసు ముందు చిల్లులు పడ్డ పెద్ద షామియానా వేశారు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వరసలు కట్టాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో, మోటారు సైకిళ్ల మీద జనం దిగారు. ఎండ మాడ్చేస్తోంది. మండలాఫీసుకు కొత్తగా వచ్చిన పెద్దసారు గుంటూరు వైపు మనిషి, చెమట తుడుచుకుంటూ వేదిక మీద కూర్చున్నాడు. నేను మూడో వరసలో, నీళ్ల డ్రమ్ము పక్కన, తన ఇద్దరు బిడ్డల పెళ్లి ఒకే పందిట్లో జరుగుతున్న తండ్రిలా కూర్చున్నాను.

ముందు మహబూబ్ భాయ్ లేచాడు. కాగితం పట్టుకుని నాగరికతా వికాసాన్ని దాటడానికే ఆయనకు చాలాసేపు పట్టింది. ప్రొఫెసర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు పెంచాడు.

"కాట్రిజ్ సాబ్ ఏమన్నడు? మిషిన్లు దండగ అన్నడు. కుంటలు తవ్వుండ్రి అన్నడు. స్విట్జర్లాండ్ నుంచి అన్నడు."

చప్పట్లు మోగాయి. స్విట్జర్లాండ్ దాకా మన కుంటల సంగతి పాకిందన్న ఆనందం అందరి మొహాల్లోనూ కనిపించింది.

తర్వాత శరణప్ప కాక లేచాడు. మెల్లగా, వేలితో ఒక్కొక్క వరస చూపించుకుంటూ చదివాడు. నాగరికత మళ్లీ వికసించడం మొదలుపెట్టగానే ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు చూసుకున్నారు. నేను డ్రమ్ములోంచి గ్లాసు ముంచుకుని తాగాను.

"కాట్రిజప్ప ఏమన్నడు," అన్నాడు శరణప్ప కాక, ఆ పేరును తన ఊరి మనిషి పేరుగా మార్చేసుకుని. "కుంటలు దండగ అన్నడు. మిషిన్ పెట్టుండ్రి అన్నడు."

మహబూబ్ భాయ్ కుర్చీలోంచి లేచాడు.

"ఆగు కాక. కాట్రిజ్ సాబ్ నా మనిషి."

"నీ మనిషి ఎట్లైతడు? నా కాగితంల ఉన్నడు చూడు."

"నా కాగితంల గూడ ఉన్నడు. ముందుగాల నేను చదివిన."

"ముందుగాల చదివితె నీ చుట్టమైతడా?"

"మరి నీ చుట్టమా? స్విట్జర్లాండ్ నాగల్‌గిద్ద దిక్కున ఉందా?"

అంతే, మీటింగు దారి తప్పింది. కుంటలు పోయాయి, యంత్రం పోయింది, ప్రొఫెసర్ ఎవరివాడన్న ఒక్క ప్రశ్నే మిగిలింది. వెనక వరసలో ఎవరో "గా ప్రొఫెసర్ అసలు ఎటు దిక్కు?" అని అడిగితే, పక్కాయన "రెండు దిక్కుల ఉన్నడు. మన లీడర్ల లెక్కనే పైకొస్తడు" అన్నాడు.

పెద్దసారు మైకు తీసుకున్నాడు. "ఆగండి, ఆగండి. ఒకే శాస్త్రవేత్త రెండు మాటలు ఎలా చెప్తాడు? ఈ కాగితాలు మీకెవరు రాసిచ్చారు?"

మహబూబ్ భాయ్ చెయ్యి నా వైపు లేచింది. శరణప్ప కాక చెయ్యి కూడా నా వైపే లేచింది. ఆ రోజు షామియానా కింద రెండు పక్షాలూ ఏకాభిప్రాయానికి వచ్చింది ఒక్క ఆ విషయంలోనే. ఇద్దరూ ఒకరి చేతిని ఒకరు చూసుకుని, తర్వాత నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను.

ఇదిగో, ఇక్కడ నేను నిజం చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నాలుగు తిట్లు తిని ఇంటికి పోయేవాణ్ణి. కానీ మూడో వరసలోంచి లేచి నిలబడ్డాక అందరూ మనల్నే చూస్తుంటే ఏదో ఒక గొప్ప మాట అనాలనిపిస్తుంది. ఆ జబ్బుకు మందు లేదు.

"సార్, ప్రొఫెసర్ అభిప్రాయం మార్చుకున్నడు," అన్నాను.

"ఎప్పుడు?"

"మొన్ననే సార్."

"నీకెలా తెలుసయ్యా?"

"ఫోన్ చేసిండు సార్."

"స్విట్జర్లాండ్ నుంచి నీకు ఫోన్ చేశాడా?"

అబద్ధం ఎంత పెద్దదైతే అంత గట్టిగా నిలబడుతుందని అప్పట్లో నా నమ్మకం. "ఇప్పుడు హైదరాబాద్‌ల ఉన్నడు సార్. సదస్సుకు వచ్చిండు."

పెద్దసారు మొహం వెలిగింది. "అయితే ఇంకేం. ఫోన్ కలుపు. అందరం ఆయన్నే అడుగుదాం."

షామియానా వెనక్కి పరుగెత్తి, మా అక్క భర్త రాజేందర్ బావకు ఫోన్ చేశాను. బావ సంగారెడ్డిలో మందుల కంపెనీ పని చేసేవాడు. డాక్టర్లతో తిరిగీ తిరిగీ ఆయనకు ఇంగ్లీషు మీద అపారమైన నమ్మకం కలిగింది. ఇంగ్లీషుకు ఆయన మీద ఆ నమ్మకం ఉండేదో లేదో చెప్పలేను.

"బావా, ఇప్పుడు నువ్వు ప్రొఫెసర్‌వి."

"ఎప్పటిసంది?"

"ఇప్పటిసందే. పేరు కాట్రిడ్జ్. వాతావరణం. స్విట్జర్లాండ్."

"అరేయ్, నేను బస్‌ల ఉన్న."

"ఉంటె ఏమాయె. మండలాఫీసు మీటింగ్ల మైకు దగ్గర ఫోన్ పెడుత, ఇంగ్లీష్ల మాట్లాడు. కుంటలు మంచివే, మిషిన్ మంచిదే అను. అని పెట్టెయ్. నా ఇజ్జత్ నీ చేతుల ఉంది బావా."

ఆ మాటకు బావ కరిగిపోయాడు. నేను వేదిక ఎక్కి, ఫోను స్పీకర్ నొక్కి, మైకు దగ్గర పెట్టాను.

"గుడ్ ఆఫ్టర్నూన్ నారాయణఖేడ్," అన్నాడు ప్రొఫెసర్ గంభీరంగా. చప్పట్లు దద్దరిల్లాయి. "దిస్ ఈజ్ ప్రొఫెసర్..." తర్వాత చిన్న గొంతుతో, మైకులో చాలా స్పష్టంగా, "పేరేమంటివిరా?"

నేను దగ్గుతున్నట్టు నటిస్తూ "కాట్రిడ్జ్" అని దగ్గాను.

"కాట్రిడ్జ్. వెరీ హ్యాపీ. కుంట ఈజ్ గుడ్. మిషిన్ ఈజ్ ఆల్సో..."

"జోగిపేట, జోగిపేట," అని మైకులో ఇంకో గొంతు అందుకుంది. "దిగేటోళ్లు జల్దీ దిగుండ్రి."

పెద్దసారు నా వైపు తిరిగాడు. "ప్రొఫెసర్ జోగిపేటలో ఏం చేస్తున్నాడు?"

"నేల పరిశీలన సార్."

"ఓ అన్నా, జర గా సంచి తియ్యి, కూసుంట," అంది మైకులో ఒక ఆడమనిషి.

"వన్ మినిట్ అమ్మా, ఐ యామ్ ఇన్ మీటింగ్," అన్నాడు ప్రొఫెసర్.

ముందు వరసలు ముసిముసిగా నవ్వుతున్నాయి. కానీ మహబూబ్ భాయ్ నవ్వలేదు. ఆయన నిజంగానే నమ్మాడు. ఫోను ముందుకు వంగి, నుదుటికి చెయ్యి తాకించి అడిగాడు.

"ప్రొఫెసర్ సాబ్, సలాం. గీ యేడన్న వానలు పడుతయా?"

ఆ ప్రశ్నకు జవాబు నేను బావకు నేర్పలేదు. అక్కడితో ఆగిపోయే మనిషి కాదు కదా. బస్సు కిటికీలోంచి ఆకాశం చూసి ఉంటాడు, జోగిపేటలో ఎండ దంచుతోంది.

"రెయిన్? నో రెయిన్. స్కై టోటల్ క్లియర్. టూ మంత్స్, వన్ డ్రాప్ నాట్ కమింగ్."

"రెండు నెలల దాక ఒక్క చుక్క గూడ పడదట," అని నేను తెలుగులోకి మార్చాను.

మైకు నెత్తిన టక్కుమని ఏదో పడింది. కింద పడి దొర్లింది. తెల్లగా, గోలీ అంత ఉంది.

షామియానా కింద కూర్చుని ప్రొఫెసర్ ఎవరివాడని కొట్టుకుంటున్న మేము పైకి చూడనే లేదు. బీదర్ వైపు నుంచి మబ్బు ఎప్పుడు వచ్చి నెత్తిన కూర్చుందో ఎవరికీ తెలియదు. రెండో రాయి నీళ్ల డ్రమ్ము మీద మోగింది. మూడోది పెద్దసారు ముందున్న గ్లాసును పగలగొట్టింది. ఆ తర్వాత లెక్కపెట్టే తీరిక ఎవరికీ లేదు. గాలి షామియానాను ఒకవైపు లేపింది, రాళ్లు రెండోవైపు చించాయి. జనం తలా ఒక ప్లాస్టిక్ కుర్చీ నెత్తిన బోర్లించుకుని ఆఫీసు వరండా వైపు ఉరికారు. దూరం నుంచి చూసేవాళ్లకు, నాలుగు కాళ్లూ ఆకాశానికి చాపి కుర్చీలే పరుగు పందెం పెట్టుకున్నట్టు ఉండేది.

నేను ఫోను చేత్తో పట్టుకుని పరుగెత్తుతున్నాను. అందులోంచి బావ గొంతు ప్రశాంతంగా వినిపిస్తోంది. "హలో నారాయణఖేడ్. ఎనీ మోర్ క్వశ్చన్?"

వరండా పొడుగ్గా ఉన్నా మండలమంతా పట్టదు కదా. ఒకరి మోచేతులు ఇంకొకరి డొక్కల్లో పెట్టుకుని నిలబడ్డాం. పైన రేకుల మీద రాళ్ల మోత. నా అదృష్టం చూడండి, సరిగ్గా మహబూబ్ భాయ్‌కీ శరణప్ప కాకకీ మధ్యన ఇరుక్కున్నాను. కదలడానికి చోటు లేదు.

ఆఫీసులో టైపు చేసే విజయమ్మ పెద్దసారు పక్కనే నిలబడి ఉంది. చాలాసేపటి నుంచి ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కనుబొమలు ముడిచి, చివరికి అంది.

"సార్, కాట్రిడ్జ్ అంటె మన ప్రింటర్ల ఏసే డబ్బా గద. మొన్న అయిపోతె గీ సంగన్న దుకాణం నుంచే తెప్పిస్తిమి."

అంత మోతలో కూడా ఆ మాట అందరికీ వినిపించింది. పెద్దసారు లోపలికి వెళ్లి, ఖాళీ అట్టపెట్టె పట్టుకొచ్చి, దాని మీది అక్షరాలు చదివి, నా మొహం ముందు పెట్టాడు.

"ఈయనేనా ప్రొఫెసర్?"

నేను తల వంచుకున్నాను. "ఆయనే సార్."

నవ్వులు రేకుల మోతను మించిపోయాయి. ఎవరో అట్టపెట్టెకు దండం పెట్టారు. అట్టపెట్టె చేతులు మారుతూ వరండా ఆ చివరిదాకా వెళ్లి వచ్చింది. శరణప్ప కాక మాత్రం నవ్వలేదు. ఆయన బయటికే చూస్తున్నాడు, రాళ్లు ఎటు పడుతున్నాయో, గాలి ఎటు తిరుగుతోందో. పోయిన ఏడు ఇలాంటి రాళ్లే కదా ఆయన చేను తిన్నది. కాసేపటికి నా వైపు తిరగకుండానే అడిగాడు.

"తమ్మీ, మా ఇంటామె గింజలు ఏరింది అని చెప్పిన గద. అది కాగితంల ఎక్కడుంది? చదువుకుంట చదువుకుంట వస్తది, వస్తది అని చూసిన. రాలే."

"నా బావి రిపేర్ ముచ్చట గూడ లేదు," అన్నాడు మహబూబ్ భాయ్ రెండోవైపు నుంచి. "నేను గదే చెప్పాలనుకున్న. గదొక్కటే నాకొస్తది."

రాళ్లు నెత్తిన పడ్డా అంత దెబ్బ తగిలేది కాదు. తిడితే తట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. వాళ్లు తిట్టలేదు. నిజమైన మాట చెప్పడానికి నా దగ్గరికి వచ్చిన ఇద్దరి మాటా తీసేసి, నేను సిరా డబ్బాతో మాట్లాడించాను. ఏ గొప్ప మాటా అనాలనిపించలేదు. నా జీవితంలో అది మొదటిసారి.

పెద్దసారు ఇద్దరినీ చూశాడు. "ఆ ముచ్చటేదో ఇప్పుడు చెప్పండి. వాన తగ్గేదాకా మనం ఎక్కడికీ పోలేం."

అలా అసలు చర్చ ఆ వరండాలో, మైకు లేకుండా జరిగింది. శరణప్ప కాక గింజల సంగతి చెప్పాడు. మహబూబ్ భాయ్ మోటారు విప్పితే ఏం కనిపించిందో చెప్పాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చేతులు లేపే చోటు లేక. కానీ అందరూ విన్నారు.

"మా తాత జమానాల గూడ రాళ్లు పడ్డయి కాక," అన్నాడు మహబూబ్ భాయ్. "మిషిన్ లేకుంటనే బతికిండ్రు."

"హౌదు. పడ్డయి. అప్పుడు ఎండకాలంల పడేటివి, చేన్ల ఏం ఉండకపోయేది. ఇప్పుడు పంట మీద పడుతున్నయి. తాత తీరుగ ఎట్ల బతుకుత?"

మహబూబ్ భాయ్ తలూపాడు. "గదీ నిజమే."

"రాళ్లవాన వచ్చేటట్టుంటే రేడియోలో ముందే చెప్తారు కదా," అన్నాడు పెద్దసారు.

"చేన్ల ఉంటం సార్. రేడియో ఎక్కడ వినాలె? పంచాయతీల మైకు ఉంది. దాంట్ల చెప్పుండ్రి. గింతకు మిషిన్ ఎందుకు, నాకూ వద్దు. నాక్కావలసింది ముంగట చెప్పుడు."

చేతులెత్తమంటే, ఎత్తగలిగినవాళ్లు ఎత్తారు, లేనివాళ్లు గడ్డాలు ఎత్తారు. నిధి కుంటల పూడికకు. బడి ఆవరణలో వాన కొలిచే చిన్న గొట్టం ఒకటి. రోజూ సాయంత్రం రేడియో విని, వాన కబురు పంచాయతీ మైకులో చెప్పడానికి ఒక మనిషి. ఆ మనిషి ఎవరన్న ప్రశ్న రాగానే వరండా మొత్తం నా వైపు తిరిగింది.

"వాతావరణం గురించి మాట్లాడాలని నీకు బాగా ఇష్టం కదా," అన్నాడు పెద్దసారు. "ఏడాదిపాటు మాట్లాడు. జీతం లేదు."

వాన వెలిసింది. నేలంతా తెల్లగా ఉంది. ఇక బయటపడొచ్చని మెట్లు దిగుతున్నాను, గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి మా బావ దిగాడు. నెత్తిన సంచి, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, తడిసి ఒంటికి అతుక్కున్న చొక్కా. అప్పుడు తట్టింది నాకు. జోగిపేట దాటిన బస్సు మా ఊరికే వస్తోంది. అక్క పంపిన మామిడికాయ తొక్కు మాకు ఇచ్చిపోదామని ఆయన మధ్యాహ్నమే బయల్దేరాడట. ఆ సంగతి నాకు చెప్పే సందు నేనిస్తే కదా.

నేను వద్దు వద్దని చేతులు ఊపాను. రమ్మంటున్నాననుకుని నడక వేగం పెంచాడు. రాళ్ల మీద జారుతూ, పడకుండా నిలదొక్కుకుంటూ, నేరుగా పెద్దసారు ముందుకు వెళ్లి చెయ్యి చాపాడు.

"గుడ్ ఈవినింగ్ సార్. ఐ యామ్ ప్రొఫెసర్ కాట్రిడ్జ్. ఫ్రమ్ స్విట్జర్లాండ్."

పెద్దసారు ఆ చేతిని చూశాడు, తన చేతిలోని అట్టపెట్టెను చూశాడు, అట్టపెట్టెను చంకలో పెట్టుకుని మర్యాదగా చెయ్యి కలిపాడు. వెనక జనం నవ్వలేక మెట్ల మీద కూలబడ్డారు. శరణప్ప కాక అప్పుడు నవ్వాడు, ఆ రోజు మొదటిసారి.

"రా కాట్రిజప్పా. వాన లేదంటివి గద, గట్ల తడిసినవేంది?"

బావ నా వైపు చూశాడు. "చెప్పేసినవారా?"

"నేను చెప్పలే బావా. విజయమ్మ చెప్పింది."

"మరి నేను ఇంగ్లీష్ల మాట్లాడింది?"

"మస్తు మాట్లాడినవ్," అన్నాడు మహబూబ్ భాయ్, ఆయన సంచి అందుకుంటూ. "తడి బట్టలతోని ఉంటె జరమొస్తది. పా ప్రొఫెసర్ సాబ్, నా దుకాణంల చాయ్ తాగుదువు."

ఏడాదిపాటు నేను శిక్ష అనుభవించాను. రోజూ సాయంత్రం పంచాయతీ మైకు ముందు నిలబడి రేడియో చెప్పింది చెప్పినట్టు చదివాను. నాగరికత గురించి ఒక్క ముక్క కలిపినా కింద నుంచి ఎవరో ఒకరు "రేడియోల గట్ల చెప్పలే" అని అరిచేవాళ్లు. అట్లా నాకు ఉన్నదున్నట్టు చెప్పడం అలవాటైంది.

అయితే ఆ మధ్యలోనే, మిరుగు, అంటే మృగశిర కార్తె, వచ్చి పదిరోజులు దాటాక, కల్హేర్ వైపు నుంచి ఒకాయన నా దుకాణానికి వచ్చాడు. తెల్ల ధోతి, పెద్ద మీసాలు, ఊరి పెద్ద లెక్క ఉన్నాడు. కూర్చోగానే అడిగాడు.

"ప్రొఫెసర్ సాబ్ కావాలె."

"పెద్దాయనా, ఆయన లేడు. గదంత అబద్ధం. ఉపన్యాసం కావాలంటె మీరు చెప్పింది చెప్పినట్టు నేను రాసిస్త."

"ఉపన్యాసం ఎవలకు గావాలె? గాయన మైకుల వాన లేదనంగనే రాళ్లవాన పడ్డదట గద. మా దిక్కు చుక్క పడ్తలేదు. విత్తనాలు ఇంట్ల పెట్టుకొని కూసున్నం. గాయన మా ఊరికొచ్చి, చేన్ల నిలబడి, వాన లేదని ఒక్కసారి అంటె సాలు."

అప్పుడు నేను లేచి నిలబడి, కుడిచేయి ప్రింటర్ మీద పెట్టి, ఆయన ముందే ప్రమాణం చేశాను. మీ ముందు కూడా చేస్తున్నాను, వినండి. ఈ జన్మలో నేను లేని మనిషిని పుట్టించను. ఒకే తగవులో రెండు వైపులా కలం పెట్టను. మనిషి తన గోడు చెప్పుకుంటుంటే మధ్యలో విశ్వమానవ నాగరికతను దూర్చను. వాన పడుతుందని గానీ, పడదని గానీ ఎవరి తరఫునా హామీ ఇవ్వను. తప్పితే నా దుకాణం మీద, నా నెత్తి మీద, రెండింటి మీదా కలిపి రాళ్లు పడుగాక.

కల్హేర్ పెద్దాయన చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. తలగుడ్డ సర్దుకుని లేచాడు.

"సరే బిడ్డా, ప్రొఫెసర్ లేకుంటె లేకపాయె. మీ బావను పంపు."

బావ వెళ్లాడా అని మాత్రం నన్ను అడగకండి. ప్రమాణం చేసింది నేను, ఆయన కాదు.